చదరంగంలో బంట్లు ఎన్ని రకాలుగా నిలబడగలవు?

చదరంగంలో మొత్తం ఎన్ని పొజిషన్లు ఉంటాయని అడగండి, ఎవరో ఒకరు వెంటనే 10 పవర్ 120 అనేస్తారు. అసలది పొజిషన్ల లెక్కే కాదు, ఆడగలిగే ఆటల లెక్క. కంప్యూటర్ చేత చదరంగం ఆడించడం గురించి 1950లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ రాసిన పేపర్లోది. పొజిషన్లకు ఆయన చెప్పిన సంఖ్య వేరే, సుమారు 10⁴³. ఈ రెండూ ఎంత పెద్దవంటే విని ఊరుకోవడం తప్ప వాటితో మనం చేసేదేమీ ఉండదు. అందుకే నాకు ఇంకో ప్రశ్న ఎక్కువ ఇష్టం: మిగతా పావులన్నీ బోర్డు మీంచి తీసేసి బంట్లను మాత్రమే చూస్తే, అవి ఎన్ని రకాలుగా నిలబడి ఉండొచ్చు? ఇది చేతికందే ప్రశ్న. ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్, ఇంటర్ సెకండియర్‌లో చదివిన సంయోగాల పాఠం గుర్తుంటే చాలా దూరం వెళ్లొచ్చు. వెళ్లాక కనిపించేది కూడా మొదట అనుకున్నట్టు ఉండదు.

ముందు దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ ప్రశ్న మీద జరిగే వాదనల్లో సగం అక్కడే మొదలవుతాయి. నేను అమరిక అంటున్నది ఏ గడుల్లో తెల్ల బంట్లు ఉన్నాయి, ఏ గడుల్లో నల్ల బంట్లు ఉన్నాయి అన్నంత వరకే. డి4లో (ఎడమ నుంచి నాలుగో నిలువు వరుస డి, అందులో కింద నుంచి నాలుగో గడి) ఉన్న బంటు డి2 నుంచి నేరుగా వచ్చిందా, సి3 నుంచి ఐమూలగా చంపుకుంటూ వచ్చిందా అన్నది అనవసరం. రాజు ఎక్కడున్నాడు, ఎత్తు ఎవరిది, ఆం పాసాన్ (రెండు గడులు దూకిన బంటును పక్క బంటు వెంటనే చంపే ప్రత్యేక రూలు) హక్కు ఉందా లేదా, ఇవేవీ పట్టించుకోను. ఒక్కటే షరతు: మొదటి ఎత్తు నుంచి రూల్స్ ప్రకారం ఆడుతూ, ఆట ఎంత పిచ్చిగా సాగినా సరే, ఆ అమరికకు చేరే దారి ఒకటైనా ఉండాలి.

బోర్డు మీద 64 గడులున్నా బంటుకు పనికొచ్చేవి 48 మాత్రమే. తెల్ల బంటు రెండో అడ్డ వరుసలో పుడుతుంది, వెనక్కి రాదు, ఎనిమిదో వరుస చేరితే బంటుగా ఉండదు. నల్ల బంటుకూ అంతే, తలకిందులుగా. కాబట్టి రెండో వరుస నుంచి ఏడో వరుస దాకా, ఆరు వరుసలు, 48 గడులు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్కలో 200 రెట్లకు పైగా తేడా తెస్తుంది. షానన్ వాడిన సూత్రం 32 పావులనూ 64 గడుల్లో ఎక్కడైనా పెట్టొచ్చన్నట్టుగా ఉంటుంది, అంటే అందులో బంట్లు మొదటి వరుసలోనూ ఎనిమిదో వరుసలోనూ కూడా దర్జాగా కూర్చుంటాయి, పైగా చచ్చిపోయిన పావుల ఊసే ఉండదు. ఆయనకు కావలసింది ముతక అంచనా, దానికి అది సరిపోయింది.

సరే, 16 బంట్లూ బోర్డు మీదే ఉన్నాయనుకుందాం. 48 గడుల్లో తెల్ల బంట్లకు 8 ఎంచుకోవాలి: 37,73,48,994 రకాలు. మిగిలిన 40 గడుల్లో నల్ల బంట్లకు 8 ఎంచుకోవాలి: 7,69,04,685 రకాలు. రెండూ గుణిస్తే దాదాపు 2.9 × 10¹⁶. మన లెక్కలో చెప్పాలంటే 290 కోట్ల కోట్లు. బంట్లు చచ్చిపోవడం, ప్రమోట్ అవ్వడం (చివరి వరుస చేరి మంత్రిగానో ఇంకో పావుగానో మారడం) కూడా కలుపుకొని, అటు 0 నుంచి 8 దాకా, ఇటు 0 నుంచి 8 దాకా అన్ని కలయికలూ కూడితే 4.9 × 10¹⁶ వస్తుంది, అంటే 490 కోట్ల కోట్లు. తమాషా ఏమిటంటే ఆ మొత్తంలో సగం కంటే ఎక్కువ ఒక్క 16 బంట్ల కేసు నుంచే వస్తోంది. బంట్లు తగ్గేకొద్దీ ఖాళీ పెరిగి రకాలు పెరుగుతాయని అనిపిస్తుంది కానీ జరిగేది దానికి రివర్స్.

ఈ 490 కోట్ల కోట్లు పైకప్పు. అసలు జవాబు దీన్ని దాటదు, అంతవరకే మనకు తెలిసింది. ఇందులో బొత్తిగా కుదరనివి కూడా ఉన్నాయి. ఉదాహరణకు ఎనిమిది తెల్ల బంట్లూ ఏ, బి ఫైళ్లలోనే (ఫైలంటే నిలువు వరుస) కుక్కి ఉన్న అమరిక కూడా ఈ లెక్కలో పడిపోయింది. కాబట్టి ఇప్పుడు కింద నుంచి రావాలి: కచ్చితంగా సాధ్యమయ్యేవి కనీసం ఎన్ని?

బంట్లు ఒక్కసారి కూడా దేన్నీ చంపలేదు, ఏదీ చావలేదు అనుకోండి. అప్పుడు ప్రతి ఫైల్లోనూ ఒక తెల్ల బంటు, ఒక నల్ల బంటు ఎదురెదురుగా ఉంటాయి, తెల్లది కింద, నల్లది పైన, ఒకదాన్ని ఒకటి దాటలేవు. ఆరు గడుల్లో రెండు ఎంచుకుంటే కిందది తెల్లదానికి, పైది నల్లదానికి వెళ్తుంది. అంటే ఫైలుకు 15 రకాలు. ఎనిమిది ఫైళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతాయి కాబట్టి 15⁸, అంటే 256 కోట్ల 28 లక్షల 90 వేల 625. ఇది అంచనా కాదు, ఈ షరతు మీద ఒక్కటి కూడా అటూ ఇటూ కాని కచ్చితమైన లెక్క. ప్రతి అమరికకూ దారి ఉంది, ఎందుకంటే బంట్లను కావలసినంత తోసుకుంటూ మధ్యలో ఎత్తు కలవకపోతే గుర్రాన్ని బయటికి తీసి మళ్లీ లోపల పెట్టుకోవచ్చు.

ఇదే లెక్కను కొంచెం సడలిద్దాం. బంట్లు ఏమీ చంపవు గానీ, వాటిని ఇతర పావులు చంపొచ్చు, దారి ఖాళీ అయితే అవి ప్రమోట్ కూడా అవ్వొచ్చు. అప్పుడు ఒక్కో ఫైల్లో రెండూ ఉంటే 15, తెల్లది మాత్రమే ఉంటే 6, నల్లది మాత్రమే ఉంటే 6, ఏదీ లేకపోతే 1, మొత్తం 28. 28⁸ అంటే 37,780 కోట్ల పైచిలుకు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. పైన 490 కోట్ల కోట్లు, కింద 37,780 కోట్లు, నిజం ఎక్కడో మధ్యలో అని వదిలేస్తారు. కొందరైతే ఇంకో అడుగు వేసి, బంట్లు ఎక్కువగా తమ ఫైల్లోనే ఉంటాయి కదా, చంపడాలు అరుదు కదా, కాబట్టి జవాబు కింది సంఖ్యకే దగ్గరగా ఉంటుంది అంటారు. ఆడిన అనుభవం అలాగే చెబుతుంది మరి. కానీ ఆ మాట తప్పు, ఎందుకు తప్పో చూడాలంటే ఒకే ఒక్క చంపుడును దగ్గర నుంచి చూస్తే చాలు.

16 బంట్లూ బతికే ఉన్నాయి. బి ఫైల్లో ఉన్న తెల్ల బంటు ఒక్కసారి ఏ ఫైల్లోకి ఐమూలగా వెళ్లి ఒక నల్ల గుర్రాన్నో శకటాన్నో చంపింది. ఇంకెక్కడా ఏ బంటూ ఏమీ చంపలేదు. ఇప్పుడు బి ఫైల్లో నల్ల బంటు ఒక్కటే ఉంది, దానికి అడ్డం లేదు, ఆరు గడుల్లో ఎక్కడైనా ఉండొచ్చు: 6. ఏ ఫైల్లో ఇద్దరు తెల్లవాళ్లు, ఒక నల్లవాడు. ఆరు గడుల్లో మూడు ఎంచుకోవడానికి 20 రకాలు. ఆ మూడింటిలో ఎవరు ఎక్కడ? కింద నుంచి చూస్తే తెల్ల, తెల్ల, నల్ల కుదురుతుంది. తెల్ల, నల్ల, తెల్ల కూడా కుదురుతుంది, ఎందుకంటే బి ఫైలు నుంచి వచ్చిన బంటు ఏ ఫైల్లోని నల్ల బంటు దిగిపోయాక దాని వెనక్కి దూకి ఉండొచ్చు. నల్ల, తెల్ల, తెల్ల మాత్రం కుదరదు, ఏ2లో పుట్టిన బంటు ఏ7లో పుట్టినదాన్ని దాటే వీలు లేదు కాబట్టి. అంటే 20 × 2 = 40. రెండు ఫైళ్లూ కలిపి 40 × 6 = 240.

చంపడానికి ముందు అవే రెండు ఫైళ్లకు ఉన్న రకాలు 15 × 15 = 225. అంటే చంపుడు వల్ల రకాలు తగ్గలేదు, కొంచెం పెరిగాయి. ఇలాంటి చంపుడు ఎన్ని విధాలుగా జరగొచ్చు? పక్కపక్క ఫైళ్ల జంటలు 7, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కలిపి 14, తెల్లకు 14, నల్లకు 14, మొత్తం 28. ఇవి ఒకదానితో ఒకటి కలిసిపోవు, ప్రతిదానిలోనూ ఏ ఫైల్లో ఎన్ని బంట్లున్నాయన్న లెక్క వేరుగా ఉంటుంది. మిగతా ఆరు ఫైళ్లకు 15⁶. కాబట్టి సరిగ్గా ఒక్క చంపుడుతో వచ్చే అమరికలు 28 × 240 × 1,13,90,625, అంటే 7,654 కోట్ల 50 లక్షలు.

256 కోట్లు ఎక్కడ, 7,654 కోట్లు ఎక్కడ! ఒక్క బంటు ఒక్కసారి పక్కకు జరిగితే దాదాపు 30 రెట్లు. రెండో చంపుడుకు కూడా ముతకగా వేసుకోవచ్చు: 28 రకాల్లోంచి రెండు ఎంచుకుంటే 378, దాన్ని 240/225 వర్గంతో గుణించి, 256 కోట్లతో గుణిస్తే లక్ష కోట్ల దరిదాపుకు వస్తుంది. దూరంగా ఉన్న ఫైళ్లలో జరిగే రెండు చంపుళ్లకు ఇది సరిగ్గా వర్తిస్తుంది, పక్కపక్కన జరిగితే లెక్క కొంచెం మారుతుంది, కానీ సైజు అదే. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఒకే అమరికకు రకరకాల దారుల్లో చేరడం ఎక్కువైపోతుంది. నెమ్మదించినా పెరుగుదల ఆగదు. చంపుళ్లు లేని అమరికలు మొత్తంలో ఒక మూలకు సరిపోయేన్ని మాత్రమే. మనం ఆటల్లో రోజూ చూసేవి అవే కావడం వల్ల అవే ఎక్కువని భ్రమ పడతాం.

మరి ఎన్ని చంపుళ్ల దాకా వెళ్లొచ్చు? ఇక్కడ ఒక గట్టి హద్దు ఉంది. 16 బంట్లూ బోర్డు మీదే ఉన్నాయంటే చచ్చినవన్నీ ఇతర పావులే. ఒక్కో వైపు రాజును వదిలేస్తే ఏడు: మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటాలు, రెండు గుర్రాలు. ప్రమోషన్ జరిగి కొత్త మంత్రి పుట్టే అవకాశం లేదు, బంటు తగ్గుతుంది కదా. కాబట్టి తెల్ల బంట్లన్నీ కలిసి గరిష్ఠంగా 7 సార్లు, నల్ల బంట్లన్నీ కలిసి గరిష్ఠంగా 7 సార్లు. ఈ ఏడుతో ఒకే ఫైల్లో ఎన్ని తెల్ల బంట్లు పోగు చెయ్యొచ్చో వేసి చూడండి. ఏ ఫైల్లో అయితే సొంత బంటుకు ఖర్చు 0, బి నుంచి వచ్చేదానికి 1, సి నుంచి 2, డి నుంచి 3, మొత్తం 6, అక్కడికి నాలుగు. ఐదోది ఈ నుంచి రావాలి, దానికి ఇంకో 4, మొత్తం 10 అవుతుంది, కుదరదు. డి ఫైల్లో అయితే రెండు పక్కల నుంచీ వస్తాయి కాబట్టి 0, 1, 1, 2, 2 కలిపి 6, ఐదు దాకా పోగవుతాయి. ఇక బోర్డు మీద అన్ని బంట్లూ ఉండాలన్న షరతు తీసేస్తే, ఏ2 నుంచి ఏ7 దాకా ఆరు తెల్ల బంట్లు నిలువునా నిలబడే అమరికకు 0, 1, 2, 3, 4, 5 కలిపి 15 చంపుళ్లు కావాలి. ఎదుటివైపు రాజు కాకుండా ఉన్నవి సరిగ్గా 15. అంటే నల్ల రాజు ఒంటరిగా మిగిలితేనే ఆ అమరిక వస్తుంది, పైగా ఆ 15 పావులనూ చంపింది ఈ బంట్లే అయి ఉండాలి, ఒక్కదాన్ని గుర్రం చంపినా లెక్క తప్పుతుంది. చదరంగంలో నాకు బాగా నచ్చే అంకెల కలయికల్లో ఇదొకటి.

ఇక అసలు ప్రశ్న. పైకప్పు లెక్కలో 16 బంట్లూ ఉన్న 290 కోట్ల కోట్ల అమరికల్లోంచి కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, అది ఈ ఏడు చంపుళ్ల హద్దులో పడుతుందా? దీనికి ఒక చక్కని పద్ధతి ఉంది. బోర్డు మీద ఫైళ్ల మధ్య ఏడు నిలువు గీతలున్నాయి కదా. ఏ, బి మధ్య గీత తీసుకోండి. ఆటకు ముందు దాని ఎడమ పక్క ఒక తెల్ల బంటు ఉంది. ఇప్పుడు మూడున్నాయంటే కనీసం రెండు బంట్లు ఆ గీత దాటాయి. ఏమీ లేవంటే కనీసం ఒకటి దాటింది. రెండో గీతకు ఎడమ పక్క మొదట రెండుండాలి, మూడో గీతకు మూడు, అలాగే. బంటు గీత దాటడమంటే చంపడమే, ఒక చంపుడుకు ఒకే గీత. కాబట్టి ఏడు గీతల దగ్గరా ఉన్న తేడాలన్నీ కూడితే ఆ అమరికకు కనీసం ఎన్ని చంపుళ్లు కావాలో వచ్చేస్తుంది. ఎంత సులువో చూడండి, ఏ బంటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాల్సిన పనే లేదు.

ఎనిమిది తెల్ల బంట్లను 48 గడుల్లో గుడ్డిగా చల్లినప్పుడు ఒక్కో గీత దగ్గర సగటు తేడా ఎంతో సంయోగాలతోనే తేల్చొచ్చు. మొదటి గీత దగ్గర 0.63, రెండో దాని దగ్గర 0.85, మూడో దాని దగ్గర 0.96, నడిమి గీత దగ్గర దాదాపు సరిగ్గా 1, ఆ తర్వాత అవే సంఖ్యలు వెనక్కి. మొత్తం 5.88.

సగటున 5.88, హద్దు 7. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూడాలి, ఈ మొత్తం ప్రశ్నలో కీలకమైనది ఇదేనని నేను అనుకుంటున్నాను. గుడ్డిగా చల్లిన అమరిక అంటే అడ్డదిడ్డంగా, ఏ ఆటలోనూ కనిపించనట్టుగా ఉంటుంది. అయినా సరే సగటు అమరికకు కావలసిన చంపుళ్లు రూల్స్ ఇచ్చే ఏడు లోపే ఉన్నాయి. ఈ హద్దు 2గా ఉండి ఉంటే పైకప్పులో దాదాపు అంతా కొట్టుకుపోయేది. ఏడు కాబట్టి ఈ ఒక్క షరతు పైకప్పును వెయ్యి రెట్లో లక్ష రెట్లో కోసెయ్యడం లేదు, ఒక భాగాన్ని మాత్రమే తీసేస్తోంది. బంట్లు తక్కువున్న అమరికలకైతే హద్దు ఇంకా సడలుతుంది, చచ్చిన బంట్లు కూడా చంపుళ్ల ఖాతాలో వాడుకోవచ్చు.

ఫైళ్ల లెక్క కుదిరినంత మాత్రాన అయిపోదు, ఇంకా రెండు అడ్డంకులున్నాయి. ఒకటి బంటు ఎన్నో వరుసలో ఉందన్నది. బంటు పక్కకు ఒక ఫైలు జరగాలంటే పైకి ఒక వరుస ఎక్కాల్సిందే. మూడో వరుసలో ఉన్న బంటు మహా అయితే ఒక్క ఫైలు జరిగి ఉంటుంది, నాలుగో వరుసలోది రెండు. దీనివల్ల చూడ్డానికి ఏ లోపం లేనట్టుండి అసలు కుదరని అమరికలు వస్తాయి. ఏ2, బి2, ఏ3 మూడింటిలోనూ తెల్ల బంట్లు ఉన్నాయనుకోండి. ఏ3కి రాగలిగేవి రెండే, ఏ2 బంటు లేదా బి2 బంటు. ఆ రెండూ ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఈ మూడు గడుల త్రికోణం ఏ ఆటలోనూ రాదు, మిగతా బోర్డంతా ఎలా ఉన్నా సరే. మధ్యలో అయితే సి2, డి2, ఈ2 మూడూ కదలకుండా ఉండి డి3లో తెల్ల బంటు ఉండడం కుదరదు. అయితే 48 గడుల్లో ఎనిమిది మాత్రమే నిండి ఉన్నప్పుడు ఇలాంటి ఇరుకు మూలలు పడే అవకాశం తక్కువ, అందుకే ఈ అడ్డంకి కోసేది కూడా తక్కువేనని నా అభిప్రాయం.

రెండో అడ్డంకి కొంచెం గట్టిది: ఎదురెదురు బంట్లు ఒకదాన్ని ఒకటి దాటలేకపోవడం. ఒక ఫైల్లో నల్ల బంటు కింద, తెల్ల బంటు పైన ఉన్నాయంటే వాటిలో ఒకటైనా బయటి నుంచి వచ్చి ఉండాలి, లేదా బయటికి వెళ్లి తిరిగి వచ్చి ఉండాలి. గీతల లెక్కకు ఇది తెలియదు. అది ఎడమ కుడి సంఖ్యలు మాత్రమే చూస్తుంది. రెండు చంపుళ్లు అదనంగా ఖర్చు పెడితే ఈ చిక్కు చాలాసార్లు విడిపోతుంది, కానీ ఖాతాలో అంత మిగిలి ఉండాలి కదా, సగటున మిగిలేది ఒకటి చిల్లర. చాలా అమరికలు ఓడిపోయేది ఇక్కడే.

ఇలా అన్ని షరతులూ ఒకేసారి పెట్టి సూత్రంతో లెక్కపెట్టడం కాగితం మీద అయ్యే పని కాదు. అలాంటప్పుడు చెయ్యాల్సింది శాంపిల్ తియ్యడం. 490 కోట్ల కోట్లలోంచి గుడ్డిగా 10,000 అమరికలు తీసి, ఒక్కోదానికీ దారి ఉందా లేదా అని ప్రోగ్రాం చేత తేల్పించాలి. వాటిలో వెయ్యి చెల్లాయనుకోండి, అసలు శాతం 9.4కీ 10.6కీ మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. మొత్తం ఎన్ని కోట్ల కోట్లున్నాయన్నది ఇక్కడ అడ్డం రాదు, శాంపిల్ నిజంగా గుడ్డిగా తీశామా అన్నదే ముఖ్యం. ఎన్నికల సర్వేలు నడిచేదీ ఈ సూత్రం మీదే.

మొత్తం చదరంగం పొజిషన్ల విషయంలో జాన్ ట్రాంప్, పీటర్ ఓస్టర్‌లుండ్ సరిగ్గా ఇదే చేశారు. ముందు సుమారు 8.7 × 10⁴⁵ పైకప్పు కట్టి, అందులో ప్రతి పొజిషన్‌కూ ఒక నంబరు వచ్చేలా ఏర్పాటు చేసుకుని, గుడ్డిగా నంబర్లు తీస్తూ ఏవి చెల్లుతాయో పరీక్షించారు. వచ్చిన అంచనా సుమారు 4.8 × 10⁴⁴, అంటే పైకప్పులో అయిదున్నర శాతం. ఇందులో కూడా బంట్ల పాత్ర చాలా పెద్దది. ప్రమోషన్ అన్నదే లేకపోతే పొజిషన్లు 2 × 10⁴⁰ దాటవని 2015లో గణిత శాస్త్రవేత్త స్టెఫాన్ స్టైనర్‌బెర్గర్ చూపించారు. అంటే ఏ ఆటలోనూ కనిపించని ఐదు మంత్రులు, ఆరు గుర్రాల పొజిషన్లే ఆ 10⁴⁴లో దాదాపు అంతా ఆక్రమించాయి.

బంట్ల అమరికలకు నా అంచనా అడిగితే, పైకప్పులో పదో వంతుకు కొంచెం అటూ ఇటూ అంటాను. అంటే 10¹⁵కీ 10¹⁶కీ మధ్య. ఇది నిరూపణ కాదు. 5.88 అన్న సగటు, త్రికోణాలు అరుదుగా పడడం, దాటలేని బంట్ల చిక్కుకు అయ్యే అదనపు ఖర్చు, ఈ మూడూ కలిపి చూసి చెబుతున్న మాట. ప్రోగ్రాం రాయగలిగినవాళ్లకు ఇది ఒక వారాంతం పని. కష్టమంతా ఒక అమరిక చెల్లుతుందో లేదో తేల్చే ఫంక్షన్‌లోనే ఉంది, ముఖ్యంగా ఎదురెదురు బంట్లు దాటుకునే వరుసను సరిగ్గా చూసుకోవడంలో. మిగతాది నాలుగు లైన్లు. ఎడమ కుడి అద్దంలో తిప్పితే వచ్చేవాటినీ, రంగులు మార్చి తలకిందులు చేస్తే వచ్చేవాటినీ ఒకటే అనుకుంటే ఏ సంఖ్య వచ్చినా దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది.

ఇంత పెద్ద సంఖ్యలో మనం నిజంగా ఆడేవి ఎన్ని? బంట్లే ఆటకు ప్రాణం అని ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 1749లోనే అన్నాడు, అప్పటి నుంచీ కోచ్‌లు నేర్పేది పేరున్న కొన్ని బంట్ల అస్థిపంజరాలనే: కార్ల్స్‌బాద్, స్టోన్‌వాల్, మారోట్సీ బైండ్, హెడ్జ్‌హాగ్, ఒంటరి డి బంటు. కార్ల్స్‌బాద్‌ను తీసుకోండి. క్వీన్స్ గ్యాంబిట్ అనే ఓపెనింగ్‌లో తెల్ల సి బంటు డి5లో చంపుతుంది, నల్ల ఈ బంటు తిరిగి డి5లో చంపుతుంది. తెల్లకు సి బంటు లేదు, నల్లకు ఈ బంటు లేదు, మిగతావన్నీ ఉన్నాయి. ఏ ఫైల్లో ఏ బంట్లున్నాయన్నది అలాగే ఉంచి, తెల్ల కింద నల్ల పైన అన్న మామూలు వరుసలోనే అవి ఎక్కడెక్కడ నిలబడొచ్చో చూస్తే ఎన్ని రకాలు? సి ఫైల్లో నల్ల బంటుకు 6, ఈ ఫైల్లో తెల్ల బంటుకు 6, మిగతా ఆరు ఫైళ్లకు 15 చొప్పున. 41 కోట్ల 62,500. ఒకే పేరు కింద నేర్చుకునే ఒక్క ఆకారంలో ఇన్ని. అయినా కోచ్ చెప్పే ప్లాన్ మాత్రం ఒకటో రెండో, తెల్ల బి బంటును ముందుకు తోసి సి6 మీద ఒత్తిడి పెట్టడం లాంటిది, వాటిలో చాలావాటికి పనికొస్తుంది. బంట్ల మీద ఆధారపడి నేర్చుకోవడం ఎందుకు సాధ్యమవుతోందో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది: సంఖ్య పెద్దదే గానీ, బంట్లు నెమ్మదిగా కదులుతాయి, వెనక్కి రావు, కాబట్టి ఒక అమరికలో పడ్డాక పక్కనున్న కొద్దింటిలోకే వెళ్లగలం.

ఇంజిన్లు, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాములు రాసినవాళ్లు దీన్ని చాలా ముందే వాడుకున్నారు. ఆటను ముందుకు వెతుకుతున్నప్పుడు లక్షల పొజిషన్లు వస్తాయి, కానీ వాటిలో బంట్ల అమరిక మళ్లీ మళ్లీ అదే. అందుకని బంట్ల మూల్యాంకనాన్ని (ఆ అమరిక ఎవరికి ఎంత మేలో చెప్పే లెక్కను) ఒకసారి చేసి విడిగా ఒక పట్టికలో దాచుకునేవారు, దాన్ని పాన్ హ్యాష్ టేబుల్ అంటారు. 2024లో వచ్చిన స్టాక్‌ఫిష్ 16.1 ఇంజిన్‌లో చేత్తో రాసిన మూల్యాంకనాన్ని తీసేసి పూర్తిగా న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించే దాకా అందులో ఆ పట్టిక ఉండేది. మన పైకప్పు సంఖ్య ఇక్కడ ఒక పనికి వస్తుంది. 2⁵⁶ అంటే దాదాపు 7.2 × 10¹⁶. మన 4.9 × 10¹⁶ దానికంటే తక్కువ. అంటే చదరంగంలో సాధ్యమయ్యే ప్రతి బంట్ల అమరికకూ, ఏ రెండింటికీ ఒకటే రాకుండా, 7 బైట్లలో సరిపోయే నంబరు ఇవ్వొచ్చు. ఇంజిన్లు మాత్రం అలా చెయ్యవు. ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పిన పద్ధతిలో 48 గడులకూ రెండు రంగులకూ 96 యాదృచ్ఛిక సంఖ్యలు పెట్టుకుని, బోర్డు మీదున్న బంట్లకు చెందినవాటిని ఎక్సార్ చేసి (రెండు సంఖ్యలను బిట్లవారీగా కలిపే చర్య ఇది) అమరికను గుర్తుపట్టే 8 బైట్ల సంఖ్యను, అంటే తాళాన్ని, తయారు చేసుకుంటాయి. రెండు అమరికలకు ఒకే తాళం వచ్చే ప్రమాదం కొంచెం ఉన్నా పర్వాలేదు, బంటు కదిలిన ప్రతిసారీ రెండు ఎక్సార్‌లతో కొత్త తాళం వచ్చేస్తుంది. ఆ ఒక్క బైటు తగ్గించడానికి సంయోగాల లెక్క ప్రతి ఎత్తుకూ మళ్లీ చేస్తూ కూర్చుంటే ఇంజిన్ నెమ్మదించి పోతుంది.